నల్గొండ ఎండల్లో రైలుకు 5కి 4, మా వీధి కరెంటుకు రెండున్నర

ఈ ఎండాకాలం నేను బాగా వాడిన సేవలు రెండు. ఒకటి ఇంట్లో కరెంటు, రెండోది పని మీద సికింద్రాబాద్ వెళ్లి రావడానికి రైలు. బిర్యానీ సెంటర్‌కీ, ఫోన్ కవర్‌కీ కూడా రివ్యూలు రాస్తాం గానీ నెలనెలా బిల్లు కట్టే కరెంటు గురించి ఎవరూ కూర్చుని రాయరు, "మళ్లీ పోయింది" అని స్టేటస్ పెట్టి వదిలేస్తారు. నేను రాస్తున్నా. మార్కులు ముందే చెప్పేస్తా, రైలుకు 5కి 4, మా వీధి కరెంటుకు రెండున్నర. రైలు చాలాసార్లు లేటయింది, అయినా దానికే ఎక్కువ వేశాను. కరెంటు గంటలకొద్దీ పోయింది తక్కువే, అయినా దానికి కోత పెట్టాను. ఎండలు వస్తాయని తెలిసి ముందే సిద్ధమైన పనికీ, అన్నీ కాలిపోయాక పరుగెత్తిన పనికీ ఉన్న తేడా ఈసారి కళ్లారా చూశాను, అదే కారణం.

ముందు కరెంటు. 2014కు ముందు ఎండాకాలం కోతలు చూసినవాళ్లు ఇప్పటి సప్లైని ఊరికే తిట్టరు, నేనూ తిట్టను. 2018 జనవరి 1న వ్యవసాయానికి కూడా 24 గంటల సరఫరా మొదలైంది. మన జిల్లాలోనే దామరచర్ల మండలం వీర్లపాలెం దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం కట్టారు, సాగర్ జలవిద్యుత్తు ఎప్పట్నుంచో ఉంది. యాసంగి వరికి బోర్లన్నీ నడిచే రోజుల్లో, 2025 మార్చిలో, రాష్ట్రం డిమాండ్ 17 వేల మెగావాట్లు దాటింది, గ్రిడ్ తట్టుకుంది. అంటే కరెంటు తయారు చేయడంలో మనకు కొరత లేదు. కొరత అంతా చివరి అర కిలోమీటరులో ఉంది, మా వీధి మూల మీద గద్దె ఎక్కించిన ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మొదలై మా ఇంటి మీటరు దగ్గర ముగిసే ఆ తీగల్లో ఉంది.

మాకు జరిగింది కోత కాదు, లో-వోల్టేజీ. కోత కంటే ఇది ఘోరం అని నా అభిప్రాయం, ఎందుకంటే కోత వస్తే కనీసం అన్నీ ఆగిపోతాయి, ఏదీ పాడవదు. రాత్రి పది దాటాక స్టెబిలైజర్ మీద అంకె 230 నుంచి 190కి, అక్కణ్నుంచి 170కి జారేది. ఫ్యాను తిరుగుతుంది గానీ గాలి తగలదు. ఫ్రిజ్ టక్కుమని మొదలై మళ్లీ టక్కుమని ఆగుతుంది. ఏసీ లోపలి యూనిట్ గాలి ఊదుతూనే ఉంటుంది, బయట కంప్రెసర్ మాత్రం నడవదు, కాబట్టి గదిలో వేడి గాలే తిరుగుతుంది. మా అత్తమ్మ తడిగుడ్డ కప్పుకుని పడుకునేది. పక్కింటివాళ్ల బోరు మోటార్ కాలిపోయింది, వైండింగ్‌కి ఇచ్చి వారం పాటు ట్యాంకర్ నీళ్లు పోయించుకున్నారు.

మోటార్ ఎందుకు కాలుతుందో చాలామందికి తెలియదు. వోల్టేజీ తగ్గితే మోటార్ తక్కువ కరెంటు తీసుకుంటుందని అనుకుంటాం. జరిగేది దానికి రివర్స్. అదే నీళ్లు అదే ఎత్తుకు ఎక్కించాలి కాబట్టి తగ్గిన వోల్టేజీని పూడ్చుకోవడానికి ఎక్కువ ఆంప్స్ లాగుతుంది. ఇన్వర్టర్ ఏసీలు కూడా అంతే. ఆ ఎక్కువ ఆంప్స్ వల్ల తీగల్లో ఇంకాస్త వోల్టేజీ పడిపోతుంది, పడిపోయిందని అన్నీ ఇంకాస్త లాగుతాయి. రాత్రి పదకొండుకు వీధి మొత్తం ఈ సుడిలోనే ఉండేది.

ఒక రాత్రి ఫ్యూజు వేయడానికి వచ్చిన లైన్‌మన్‌ని అడిగాను, ఎందుకన్నా రోజూ ఇలా అని. ఆయన టార్చ్ ట్రాన్స్‌ఫార్మర్ మీద వేసి చూపించాడు. "వంద కేవీఏ అక్కా ఇది. ఇది పెట్టినప్పుడు ఈ గల్లీలో ఏసీలు వేళ్ల మీద లెక్కపెట్టేటట్టు ఉండె. ఇప్పుడు ప్రతి ఇంటికీ రెండు. అది మాత్రం ఏం చేస్తది చెప్పు?"

ఇంటికొచ్చి లెక్క వేశాను. కేవీఏ అంటే ట్రాన్స్‌ఫార్మర్ ఎంత లోడు మోయగలదో చెప్పే కొలత. వంద కేవీఏ అంటే ఒక్కో ఫేజుకు దాదాపు 133 ఆంప్స్. టన్నున్నర ఏసీ ఎండాకాలంలో గట్టిగా నడిచేటప్పుడు ఏడు ఆంప్స్ తీసుకుంటుందనుకుంటే ఫేజుకు 19 ఏసీలు, మూడు ఫేజులకూ కలిపి 57. అదీ ఇంకేమీ లేకపోతే, ఒక్క ఫ్యాను, ఒక్క బుగ్గ, ఒక్క కూలర్ కూడా లేకపోతే. మా వీధీ, వెనక వీధీ కలిపి ఆ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉన్న ఇళ్లు చూస్తే అది ఇన్నాళ్లు పని చేయడమే గొప్ప అనిపించింది.

దీనికి తోడు ఎండ. ట్రాన్స్‌ఫార్మర్ లోపల నూనె ఉంటుంది, వైండింగ్ వేడిని ఆ నూనె బయటి రెక్కల దాకా మోసుకొచ్చి గాలికి వదిలేయాలి. గాలే 44, 45 డిగ్రీలు ఉంటే వదిలేది ఎక్కడికి? పగలు ఎండ, రాత్రి ఏసీల లోడు. పాత రోజుల్లో రాత్రి చల్లబడేది కాబట్టి దానికి కాస్త ఊపిరి దొరికేది, ఇప్పుడు మేలో రాత్రి పదింటికి కూడా నల్గొండలో గోడ ముట్టుకుంటే సెగ కొడుతుంది. వైండింగ్ చుట్టూ ఉండే కాగితం ఇన్సులేషన్‌కి ఒక లెక్క ఉంది. దాని మామూలు వేడి మీద ప్రతి 6 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుంది. అంటే రెండు నెలల ఎండాకాలంలో ఓవర్‌లోడు మీద నడిపిన ట్రాన్స్‌ఫార్మర్ కొన్నేళ్ల జీవితం అక్కడే పోగొట్టుకుంటుంది, అది పేలేది ఆ తర్వాత ఎప్పుడో అయినా సరే.

ఆ రాత్రి పోయింది ట్రాన్స్‌ఫార్మర్ కాదు, దాని ఎల్‌టీ వైపు, అంటే ఇళ్లకు కరెంటు వెళ్లే వైపు ఉన్న లగ్గు. తీగ చివర బిగించే అల్యూమినియం ముక్క అది. లైన్‌మన్ దాన్ని తీసి నా చేతికి ఇచ్చాడు, గుడ్డతో పట్టుకోమన్నాడు. బోల్టు దూరే రంధ్రం ఒక పక్క కరిగి నోరు తెరిచింది, లోపలి తీగ పోగులు కొన్ని ఒకదానికొకటి అతుక్కుపోయి, కొన్ని నల్లగా పొడిపొడిగా రాలుతున్నాయి. కారణం కూడా చెప్పాడు. పగలు వేడికి లోహం సాగుతుంది, తెల్లవారుజామున కాస్త ముడుచుకుంటుంది, రోజూ ఇదే జరిగి బోల్టు మెల్లగా వదులవుతుంది. వదులైన చోట కరెంటు పోవడానికి ఇబ్బంది, ఆ ఇబ్బందే వేడి, ఆ వేడికి ఇంకా వదులు. ఫిబ్రవరిలో ఎవరైనా ఒక పానా పట్టుకుని బిగించి ఉంటే ఆ ముక్క కరిగేది కాదు. నేను రెండున్నర మార్కులు కోసింది ఇలాంటి వాటికే. ఆ లైన్‌మన్ అర్ధరాత్రి స్తంభం ఎక్కాడు, ఆయనకైతే ఐదుకు ఐదు, కానీ ఆయన్ని అర్ధరాత్రి ఎక్కించిన పద్ధతికి వేయలేను.

తీగల సంగతి ఇంకోటి ఉంది. ఎండాకాలం వీధి తీగలు కిందికి వేలాడటం అందరం చూస్తాం, "లూజ్ అయినయి" అంటాం. నిజానికి అవి సాగాయి. రెండు స్తంభాల మధ్య 50 మీటర్లు ఉందనుకోండి. ఎండకీ, లోపల పోయే కరెంటుకీ కలిపి తీగ 40 డిగ్రీలు వేడెక్కితే అది పెరిగేది నాలుగు సెంటీమీటర్ల చిల్లరే. కానీ ఆ నాలుగు సెంటీమీటర్లు పక్కకు పోవడానికి దారి లేదు, కిందికే రావాలి. అర మీటరు వేలాడే తీగ దాదాపు మీటరు దాకా దిగుతుంది. దానికి తోడు అల్యూమినియం ప్రతి డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున కరెంటును ఎక్కువ అడ్డుకుంటుంది, కాబట్టి సరిగ్గా లోడు ఎక్కువున్న రోజునే తీగలో వోల్టేజీ నష్టం కూడా ఎక్కువ. సాయంత్రం గాలిదుమారం లేస్తే వేలాడే తీగలు ఒకదానికొకటి తగిలి నిప్పులు రాలతాయి, ఫీడర్, అంటే సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైన్, ట్రిప్ అవుతుంది, ఊరు సగం చీకటి. మా వెనక వీధిలో తీగలు ఒకదానికొకటి తగలకుండా మధ్యలో స్పేసర్లు కట్టారు, అక్కడ ఈ సమస్య లేదు. మా వీధిలో కట్టలేదు. చాలా చిన్న పని అది.

మంచి కూడా చెప్పాలి. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేస్తే ప్రతిసారీ ఎత్తారు, ఫిర్యాదు నంబరు మెసేజ్ వచ్చింది. మే చివర్లో ఒక బృందం వచ్చి తీగలో పోయే కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ పెట్టి మూడు ఫేజులూ చూసింది. ఒక ఫేజు మీద ఇళ్లు కిక్కిరిసి ఉన్నాయి, మరో ఫేజు దాదాపు ఖాళీ. కొన్ని ఇళ్ల సర్వీస్ వైర్లు అటు నుంచి ఇటు మార్చారు, అంతే, పైసా సామాను పడలేదు. ఆ రాత్రి మా స్టెబిలైజర్ 205 చూపించింది. సంతోషం వేసింది, వెంటనే కోపమూ వచ్చింది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన తాతలకే తెలుసు, ఆ ఒక్క పూట పని మార్చిలో చేసి ఉంటే పక్కింటి మోటార్ బతికేది.

ఇక రైలు. మా లైన్ గుంటూరు నుంచి మిర్యాలగూడ, నల్గొండ మీదుగా బీబీనగర్ వెళ్లే లైన్, ఎన్నో ఏళ్లుగా సింగిల్ ట్రాక్ మీదే నెట్టుకొస్తోంది. డబ్లింగ్‌కు 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. సింగిల్ ట్రాక్ మీద ఒక రైలు పది నిమిషాలు మెల్లగా నడిస్తే ఎదురుగా వచ్చేది ఎక్కడో క్రాసింగ్ స్టేషన్లో కూర్చోవాలి, దాని వెనకది ఇంకో స్టేషన్లో. మే నెలలో మధ్యాహ్నం రైలు ఎక్కితే ఇది మామూలే. పెట్టెలో అందరూ డ్రైవర్‌ని తిడుతుంటారు. నేను తిట్టలేకపోయాను, ఎందుకంటే ట్రాక్ పని చేసే మా బంధువు ఒకాయన ఈ లెక్క నాకు ముందే చెప్పాడు.

ఇప్పుడు పట్టాలు వెనకటిలా ముక్కలు ముక్కలుగా ఉండవు, అందుకే ఆ పాత టకటక చప్పుడు కూడా లేదు. కిలోమీటర్ల పొడుగునా వెల్డింగ్ చేసి ఒకటే పట్టాగా వేస్తారు. కిలోమీటరు పట్టాను స్వేచ్ఛగా వదిలేస్తే ఒక్క డిగ్రీకి పదకొండున్నర మిల్లీమీటర్లు సాగుతుంది, 40 డిగ్రీలకు 46 సెంటీమీటర్లు. కానీ స్లీపర్లూ క్లిప్పులూ కంకరా కలిసి దాన్ని సాగనివ్వవు. సాగలేని ఇనుము ఒత్తిడిని లోపలే దాచుకుంటుంది. మీటరుకు 60 కిలోల బరువుండే పట్టాలో ఒక్క డిగ్రీకి సుమారు 1.9 టన్నుల ఒత్తిడి. 30 డిగ్రీలు పెరిగితే ఒక్కో పట్టాలో 57 టన్నులు, రెండింటిలో కలిపి 114. కంకర ఎక్కడైనా పలచగా ఉంటే ఆ ఒత్తిడి అక్కడ పక్కకు తన్నుతుంది, పట్టా పాములా వంకర పోతుంది. దాని మీదికి రైలు వేగంగా వస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

అందుకే వాళ్ల దగ్గర పద్ధతి ఉంది, నాకు నచ్చింది అదే. పట్టా వేసేటప్పుడే ఒక వేడి దగ్గర లోపల ఒత్తిడి సున్నా ఉండేలా బిగిస్తారు, డీస్ట్రెస్సింగ్ అంటారు. పట్టా వేడి దాని కంటే 10 డిగ్రీలు పైకి పోతే కంకర కదిలించే మామూలు మరమ్మతులు చేయకూడదు, అందుకే ఎండాకాలం గ్యాంగ్‌మన్‌లు తెల్లవారుజామునే పని మొదలుపెడతారు. 20 డిగ్రీలు దాటితే హాట్ వెదర్ పెట్రోలింగ్, అంటే మనుషులు ట్రాక్ వెంబడి నడుచుకుంటూ ఎక్కడైనా వంకర వచ్చిందా అని చూడాలి. గాలి 44 ఉన్నప్పుడు పట్టా 60 దాకా వెళ్తుంది. ఆ పట్టా పక్కన, ఆ కంకర మీద, మిట్టమధ్యాహ్నం తలపాగా చుట్టుకుని నడిచే మనిషిని నేను కిటికీలోంచి చూశాను, భుజానికి నీళ్ల సీసా, చేతిలో జెండాలు, చుట్టూ ఒక్క చెట్టు లేదు. మన రైలు కాసేపు మెల్లగా పోయిందంటే ఆయనలాంటి ఒకరు ఏదో చూసి చెప్పి ఉంటారు, డ్రైవర్ చేతిలో మెల్లగా నడపమని చెప్పే కాషన్ ఆర్డర్ ఉండి ఉంటుంది. ఆ లేటుకు నేను మార్కులు తీయను.

రైలు కరెంటు తీగ గురించి కూడా చెప్పాలి, నిజానికి ఈ రివ్యూ రాయాలనిపించింది అది చూశాకే. ప్లాట్‌ఫామ్ చివర దాకా నడిస్తే కొన్ని స్తంభాలకు గుండ్రటి బరువు బిళ్లల దొంతర వేలాడుతూ కనిపిస్తుంది. ఏళ్ల తరబడి చూస్తున్నా ఎందుకో ఎప్పుడూ అడగలేదు. రైలు మీది 25 వేల వోల్టుల తీగ కూడా ఎండకు సాగుతుంది, వీధి తీగ సాగినట్టే. కానీ అది వేలాడితే ఇంజన్ మీద ఉండి తీగ నుంచి కరెంటు అందుకునే పాంటోగ్రాఫ్ ఇరుక్కుని తీగంతా పీక్కుపోతుంది. అందుకని తీగ చివరను బావి గిరక మీద చేదతాడు వేసినట్టు గిరకల మీదుగా తెచ్చి ఈ బరువులకు కట్టారు. తీగ సాగితే బరువులు కిందికి దిగి ఆ సాగినదంతా లాగేసుకుంటాయి, ముడుచుకుంటే పైకి పోతాయి, తీగ బిగువు మాత్రం ఎప్పుడూ ఒకటే. 750 మీటర్ల రాగి తీగ 10 డిగ్రీలకు 12, 13 సెంటీమీటర్లు సాగుతుంది, గిరకల ఏర్పాటు ఒకటికి మూడు కాబట్టి బరువులు 38 సెంటీమీటర్ల దాకా దిగుతాయి. పొద్దున రైలు ఎక్కేటప్పుడు నా భుజం ఎత్తులో ఉన్న దొంతర, మధ్యాహ్నం దిగినప్పుడు చూస్తే నడుము దగ్గరికి వచ్చింది. దానికి కరెంటు అక్కర్లేదు, మనిషి అక్కర్లేదు, ఎండ ఎంత పెరిగితే అంత దిగుతుంది.

వీధి స్తంభాలకు బరువులు కట్టమని నేను అనడం లేదు, అది అయ్యే పని కాదు. కానీ వీధికి తగ్గ పనులు వీధికి ఉన్నాయి కదా. పొడుగు ఎక్కువున్న చోట మధ్యలో ఒక స్తంభం, స్పేసర్లు, లేదా తీగలన్నీ కలిపి చుట్టిన ఏబీ కేబుల్, ఎండలకు ముందు ఒకసారి బోల్టుల బిగింపు, ఫేజుల సర్దుబాటు. ఇవన్నీ వాళ్లకు తెలియక కాదు, లైన్‌మన్‌తో ఐదు నిమిషాలు మాట్లాడితే చాలు, మనకంటే బాగా తెలుసు. ఒక్కో లైన్‌మన్‌కి ఎన్ని ట్రాన్స్‌ఫార్మర్లు అప్పగించారో చూస్తే ఎందుకు కావట్లేదో అర్థమవుతుంది. మనుషుల్ని పెంచాలి.

రైలుకు ఒక మార్కు ఎందుకు కోశానంటే, ఎందుకు ఆగిందో చెప్పరు. క్రాసింగ్ కోసం ఆపిన ఒక చిన్న స్టేషన్లో అరగంట పైనే ఉన్నాం, రేకుల షెడ్డు నాలుగు బెంచీల మీదే, నల్లా తిప్పితే కాగుతున్న నీళ్లు వచ్చాయి. జనరల్ పెట్టెలో చిన్నపిల్లలతో ఉన్న తల్లులు దిగలేక, లోపల ఉండలేక నానా అవస్థ పడ్డారు. "పట్టాలు వేడెక్కాయి, వేగం తగ్గించాం, ఇంత ఆలస్యం కావచ్చు" అని మైకులో ఒక్క మాట చెప్తే జనం తిట్టరు, నీళ్లన్నా ముందే పట్టుకుంటారు. ఇంకో మాట, మేలో కుదిరితే పొద్దున రైలే చూసుకోండి. పట్టా చల్లగా ఉంటుంది కాబట్టి రైలు నడక కూడా బాగుంటుంది, నాకు పొద్దున బండి ఆలస్యమైంది చాలా తక్కువ.

కరెంటు విషయంలో మన చేతిలో ఉన్నవి కూడా చెప్తా. ఏసీకి మాత్రమే కాకుండా ఫ్రిజ్‌కి కూడా స్టెబిలైజర్ పెట్టించండి, కొనేటప్పుడు ఎంత కింది వోల్టేజీ నుంచి పని చేస్తుందో డబ్బా మీద చూడండి, 170 నుంచి మొదలయ్యేది మా వీధికి పనికి రాలేదు, 130 నుంచి పని చేసేది తీసుకుంటేనే ఆగింది. లో-వోల్టేజీ ఉన్నప్పుడు బోరు మోటార్ వేయకండి, తెల్లవారుజామున వేసి ట్యాంకు నింపుకోండి.

అసలు పని ఇంకోటి. మీ బిల్లు తీసి కాంట్రాక్టెడ్ లోడు, అంటే మీ ఇంటి పేరు మీద రాయించుకున్న లోడు, ఎంత ఉందో చూడండి. మా వీధిలో సగం ఇళ్లకు ఒక కిలోవాటే రాసి ఉంది, ఇంట్లో మాత్రం రెండు ఏసీలు. కాగితం మీద లోడు లేకపోతే పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ అడిగినా అంచనా వేయడానికి ఆధారం ఉండదు. అదనపు లోడుకు డెవలప్‌మెంట్ చార్జీలు కట్టాలి, నిజమే, కానీ పక్కింటివాళ్లు మోటార్ వైండింగ్‌కీ, ట్యాంకర్లకీ కలిపి ఖర్చు పెట్టింది చూశాక మా వీధిలో చాలామంది ఒప్పుకున్నారు. అందరం కలిసి ఒకే దరఖాస్తు తయారు చేస్తున్నాం. మీరూ పెడితే ట్రాన్స్‌ఫార్మర్ మీద పెయింట్‌తో రాసి ఉన్న నంబరు, రాత్రి పది నుంచి పన్నెండు మధ్య స్టెబిలైజర్ అంకె కనిపించే ఫొటోలు టైముతో సహా, కాలిపోయిన మోటార్ల రిపేరు బిల్లుల జిరాక్సులు జత చేయండి. దీపావళి లోపు ఇచ్చేయండి, సంక్రాంతి దాటితే యాసంగి మోటార్ల పనుల్లో ఎవరికీ తీరిక ఉండదు.